పార్టీ లేని మనిషి – గోరా



ఎన్నికలొస్తే బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో సొంత అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేస్తారు. ఆ గోడలు మన హాస్టల్ గదుల్లోకీ వస్తున్నాయి. మాటలో నిజమెంతో చూడకుండా, అన్నవాడు ఏ పార్టీవాడో చూసి మంచీ చెడూ తేల్చేస్తున్నాం. అందుకే మన ప్రాంతంలో పనిచేసిన గోరా గారి గురించి రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న, నేటి ఒడిశాలోని ఛత్రపురంలో, బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివారు. దేవుడు లేడని బాహాటంగా చెప్పినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మన బందరు హిందూ కాలేజీలో అధ్యాపకులయ్యారు. ఆ కొలువూ నిలవలేదు. 1940లో భార్య సరస్వతి గారితో కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. అక్కడ వయోజనులకు చదువు చెప్పారు, అంటరానితనం పోవాలని సహపంక్తి భోజనాలు పెట్టించారు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లారు. కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది.

ఇంత గట్టి నాస్తికుడు వెతుక్కుంటూ వెళ్లింది ఎవరి దగ్గరికో తెలుసా? రోజూ ప్రార్థన చేసే గాంధీజీ దగ్గరికి! 1944 చివర్లో సేవాగ్రామ్‌లో వారి మధ్య దేవుడి మీదే చర్చ జరిగింది. ఇద్దరూ తమ నమ్మకం వదులుకోలేదు, ఒకరినొకరు దూరం పెట్టనూ లేదు. గోరా గారు తమ కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి పెళ్లి చేయదలిస్తే, గాంధీజీ తమ ఆశ్రమంలోనే జరిపిస్తానన్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం అన్న మాట పెట్టడానికీ ఒప్పుకున్నారు. గాంధీజీ హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. 1960లో కుమారుడు లవణం, మహాకవి జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు.

స్వాతంత్ర్యం వచ్చాక గోరా గారు పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. గెలిచిన సభ్యుడు పార్టీ విప్‌కు కాక ఓటేసిన ప్రజలకు లోబడాలన్నది ఆయన వాదన. 1952లో లోక్‌సభకు, 1967లో శాసనసభకు పార్టీ లేకుండా పోటీచేసి ఓడిపోయారు. 1961–62లో సేవాగ్రామ్ నుండి ఢిల్లీకి పాదయాత్ర చేశారు. 1975 జూలై 26న విజయవాడలో కన్నుమూశారు.

ఈ విషయంలో నేను గోరా గారితో పూర్తిగా ఏకీభవించను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మనలాంటివాళ్లు ఒంటరిగా అడిగితే వినేవాడుండడు. సంఘంగా, పార్టీగా నిలబడ్డప్పుడే హక్కులు దక్కుతాయి. కాబట్టి పార్టీలో ఉండటం తప్పు కాదు. కానీ మన పార్టీ తప్పు చేస్తే తప్పనడం, ఎదుటి పార్టీ మంచి చేస్తే మంచిదనడం మనకు రావాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా మన మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్పులు సమయానికి వచ్చాయా లేదా అన్నదే కొలబద్ద కావాలి.

నమ్మకం లేనివాడు కాడు గోరా. తన నమ్మకం కోసం ఉద్యోగాలే పోగొట్టుకున్నారు. అయినా ఎదుటివారి మాట వినడం మానలేదు. సోదరులారా, ఈసారి ఎన్నికల్లో ఎవరికి ఓటేసినా, పక్క మంచం మీది మిత్రుడితో మాత్రం మాట మానకండి.