ఎడారిలో ఇంజను విప్పిన అమ్మాయి

మా అక్క కూతురు మోటార్ సైకిలు కొంటానంది. స్కూటరు కాదు, మోటార్ సైకిలే. అదీ ఆఫీసుకు వెళ్ళి రావడానికి కాదట. తారు రోడ్డు మీదా, రాళ్ళ బాట మీదా కూడా నడిచే రకం బండి కొని హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ దాకా వెళ్ళాలట. అక్క లబోదిబోమంది. బావగారు పిల్లతో మాట్లాడ్డం మానేశారు. చివరికి పంచాయితీ నా దగ్గరికొచ్చింది. చిన్నప్పట్నించీ దానికి నా దగ్గర చనువు. నేను చెబితే వింటుందని వాళ్ళ ఆశ.

నేనూ వద్దనే చెబుదామనుకున్నాను. ఎందుకంటే నాకూ ఓ బండి కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మోపెడ్ కొనుక్కున్నాను. కొనుక్కున్నానంటున్నానే గానీ ఎంపిక నాది కాదు. రంగుతో సహా మా అన్నయ్యే చూశాడు. ఓ సాయంత్రం ఊరి బయట అది ఆగిపోయింది. పెడల్ తొక్కి తొక్కి కాళ్ళు పీకాయే తప్ప అది కదల్లేదు. చీకటి పడుతుంటే భయం భయంగా మూడు కిలోమీటర్లు తోసుకుంటూ ఇల్లు చేరాను. మర్నాడు మెకానిక్ షెడ్డులో కుర్రాడు ప్లగ్గు ఊడదీసి, మసి గీకి, మళ్ళీ బిగించాడు. అయిదు నిమిషాల పని! కానీ అప్పటికే ఇంట్లో తీర్మానం అయిపోయింది, ఆడపిల్లకి బండేమిటని. నేనూ సరేనన్నాను. అమ్మేశాం.

ఈ కథంతా పిల్లకి చెప్పాను. అది ఓపిగ్గా విని, ముందు థెరీసా వాలక్ గురించి చదువు పిన్నీ, ఆ తర్వాత వద్దంటే మానేస్తానంది. మోటార్ సైకిళ్ళ ప్రపంచంలో అది చాలా పెద్ద పేరట. నాకు మాత్రం కొత్తే. వద్దనడానికి ఏదైనా దొరక్కపోతుందా అని చదవడం మొదలుపెట్టాను. చివరికి ఏమైందో తర్వాత చెబుతాను. ముందు ఆవిడ కథ వినండి.

పానాలతో స్నేహం

థెరీసా 1909 ఏప్రిల్ 30న పుట్టింది. ఇంగ్లండులో పెరిగింది. ఆమె స్నేహితుల్లో మోటార్ సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు, ఫ్యాక్టరీలో తయారైన కొత్త బండ్లని నడిపి చూసేవాళ్ళు ఉండేవారు. వాళ్ళ దగ్గరే బండి నడపడం నేర్చుకుంది. ఇంట్లో అమ్మానాన్నలకి ఇది బొత్తిగా నచ్చలేదు. ఏ దేశమైతేనేం, ఏ కాలమైతేనేం, ఆ విషయంలో అందరి ఇళ్ళూ ఒకటే!

కానీ థెరీసా నడపడంతో సరిపెట్టుకోలేదు. బండి ఎందుకు కదులుతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నది కూడా తెలుసుకోవాలనుకుంది. స్కాలర్‌షిప్ సంపాదించుకుని లండన్‌లో ఇంజనీరింగ్ చదువులో చేరింది. ఆడపిల్లలు ఆ గుమ్మం తొక్కడమే అరుదైన రోజులవి. నన్నడిగితే, ఆమె జీవితంలో పెద్ద సాహసం ఆఫ్రికా ప్రయాణం కాదు, ఇదే. ఆ తర్వాత జరిగిందంతా ఈ చదువు చలవే.

లండన్‌కి దగ్గర్లో బ్రూక్‌లాండ్స్ అని పేరుమోసిన రేసు ట్రాక్ ఒకటుండేది. అక్కడ మోటార్ సైకిలు మీద గంటకి వంద మైళ్ళకి, అంటే 160 కిలోమీటర్లకి మించిన వేగంతో చుట్టు తిరిగిన వాళ్ళకి బంగారు నక్షత్రం బహుమతి ఇచ్చేవారు. ఆ నక్షత్రం అందుకున్న మొదటి మహిళ ఫ్లారెన్స్ బ్లెంకిరన్. అది 1934లో. ఈ ఫ్లారెన్స్, మన థెరీసా మంచి స్నేహితులు. ఇద్దరూ కలిసి అదే ఏడాది ఓ ఆలోచన చేశారు. లండన్ నుంచి దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దాకా మోటార్ సైకిలు మీద వెళ్ళాలని. మధ్యలో సహారా ఎడారి. దాని తర్వాత అడవులు, నదులు, బురద. చాలాచోట్ల అసలు రోడ్డే లేదు.

గుర్రం కాదు, ఎద్దు

ఇక్కడే నాకు భలే ఆశ్చర్యమేసింది. ఇద్దరూ రేసుల్లో ఆరితేరినవాళ్ళు. అలాంటివాళ్ళు ఏ బండి ఎంచుకుంటారు? జోరుగా పరుగెత్తే బండే అనుకుంటాం కదా. వాళ్ళు మాత్రం రేసుగుర్రాన్ని పక్కనబెట్టి బరువులాగే ఎద్దుని ఎంచుకున్నారు.

ఆ బండి పేరు పాంథర్. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలోని ఫీలన్ అండ్ మూర్ అనే కంపెనీ దాన్ని తయారుచేసేది. ఇద్దరు అమ్మాయిలు ఎడారి దాటుతామంటే బండి ఇవ్వడానికి అందరూ ముందుకు రాలేదు. దారిలో చెడిపోతే కంపెనీ పరువు పోతుందని భయం మరి. ఈ కంపెనీ ధైర్యం చేసింది.

పాంథర్‌ది 600 సీసీ ఇంజను. అంత పెద్ద ఇంజనుకి ఒకటే సిలిండరు. ముందుకు వాలినట్టు ఏటవాలుగా ఉంటుంది. నెమ్మదిగా, డుగుడుగుమంటూ నడుస్తుంది. వేగం తక్కువే గానీ లాగే బలం ఎక్కువ. బరువులు లాగడంలో ఆ బండికి మంచి పేరుండేది. పైగా సిలిండరు ఒకటే కాబట్టి చెడిపోయే భాగాలూ తక్కువ. విప్పడం, బిగించడం తేలిక. ఊరి రోడ్ల మీద ఎంత వేగంగా పోతుందన్నది ముఖ్యం కావచ్చు. ఊరూ పేరూ లేనిచోట ఆగిపోతే మన చేత్తో మనం బాగుచేసుకోగలమా అన్నదే అసలు ప్రశ్న.

బండికి పక్కన సైడ్ కారు తగిలించారు. షోలే సినిమాలో అమితాబ్, ధర్మేంద్ర వెళ్ళే బండి గుర్తుందిగా, అలాంటిదే. అది చాలదన్నట్టు వెనక ఓ ట్రైలర్ కూడా కట్టారు. మన ట్రాక్టరు వెనక తొట్టికి చిన్న చెల్లెలనుకోండి. గుడారం, వంట సామాను, తిండి, పానాలు, విడిభాగాలు... నెలల తరబడి కావలసిందంతా వెంట ఉండాలి కదా. వాళ్ళ వెనక సాయానికొచ్చే కారు లేదు, లారీ లేదు. దారి చూపించడానికి చేతిలో దిక్సూచి కూడా లేదంటే నమ్ముతారా!

1934 డిసెంబరు 11న లండన్ నుంచి బయల్దేరారు. అప్పటికి థెరీసా వయసు పాతికేళ్ళు.

అగాడెజ్‌లో ఆగినప్పుడు

సహారా అప్పట్లో చాలావరకు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. ఇద్దరు ఆడవాళ్ళు మోటార్ సైకిలు మీద ఎడారి దాటడమేమిటని అక్కడి అధికారులు తటపటాయించారు. ఎలాగో ఒప్పించి ముందుకు సాగారు.

ఎడారి ఇసుకలో బండి నడపడమంటే ఏమిటో సముద్రం ఒడ్డున సైకిలు తొక్కినవాళ్ళకి కొంచెం తెలుస్తుంది. చక్రం కూరుకుపోతుంది. దిగి, ఇసుక తవ్వి, తోసి, మళ్ళీ ఎక్కాలి. నాలుగడుగులు వెళ్ళాక మళ్ళీ అదే వరస. రెండు చక్రాల బండి అయితే ఇసుకలో ఒకే చాలు పడుతుంది. సైడ్ కారు ఉంటే రెండు చాళ్ళు. పైగా వెనక ట్రైలర్. సామాను ఎంత ఎక్కువైతే అంత లోతుగా దిగబడతాయి. ఏ సామాను లేకపోతే బతకలేరో, ఆ సామానే వాళ్ళని ముందుకు కదలనివ్వలేదు. ఇది చదివినప్పుడు పెళ్ళిళ్ళకి మనం సర్దుకెళ్ళే సూట్‌కేసులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. వాళ్ళకి మాత్రం అది నవ్వులాట కాదు.

ఎడారి దాదాపు దాటేశారనగా ఇంజను పోయింది. ప్లగ్గు కాదండీ, ఇంజనే! అగాడెజ్ అనే ఊరు చేరారు. అది ఇప్పటి నైజర్ దేశంలో ఉంది. పాంథర్ ఇంజను గురించి తెలిసినవాళ్ళు అక్కడెవరుంటారు? ఎవరి కోసం ఎదురుచూడాలి? ఇద్దరూ చేతులు పైకి మడిచి ఇంజను మొత్తం విప్పారు. ఒక్కో భాగం చూసుకుంటూ మళ్ళీ పేర్చి బిగించారు. బండి కదిలింది.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఆవిడ ఇంజను విప్పింది. నేను ప్లగ్గు విప్పలేక బండి అమ్మేశాను. విప్పలేక కాదు... విప్పొచ్చని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎడారి తర్వాత నైజీరియా, అడవులు, తూర్పు ఆఫ్రికా. సింహాలున్న అడవుల్లో గుడారం వేసుకుని పడుకున్న రాత్రులూ ఉన్నాయి. ఇప్పుడు టాంజానియా అంటున్న దేశాన్ని అప్పుడు టాంగన్యీకా అనేవారు. అక్కడ రోజుల తరబడి ఒక్క కారూ ఎదురు రాలేదు. చివరికి వచ్చిన ఒక్క కారునీ గుద్దుకున్నారు! అదృష్టం బాగుండి బతికి బయటపడ్డారు. ఇలా ఏడున్నర నెలలు గడిచాక 1935 జులై 29న కేప్‌టౌన్ చేరారు. ఆఫ్రికాని ఈ కొస నుంచి ఆ కొసకి మోటార్ సైకిలు మీద దాటిన తొలివాళ్ళుగా ఇవాళ్టికీ వాళ్ళ పేర్లే చెబుతారు.

అమ్మడం మాని నేర్పింది

ఆ తర్వాత కూడా థెరీసా ఊరికే కూర్చోలేదు. 1939లో 350 సీసీ నార్టన్ మీద బ్రూక్‌లాండ్స్‌లో తనూ బంగారు నక్షత్రం తెచ్చుకుంది. అది అందుకున్న ఆడవాళ్ళు మొత్తం ముగ్గురే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి మెకానిక్‌గా పనిచేసింది. మోటార్ సైకిలు మీద సైన్యపు కబుర్లు మోసుకెళ్ళే పనీ చేసింది. యుద్ధం అయ్యాక బండి తీసుకుని అమెరికా వెళ్ళింది. రెండున్నరేళ్ళ పాటు దేశమంతా తిరిగింది. డబ్బు అయిపోయినచోట ఆగి ఏ పని దొరికితే ఆ పని చేసేది. అంట్లు తోమడం దగ్గర్నుంచి విమానాలు బాగుచేయడం దాకా.

1952లో షికాగోలో స్థిరపడి, మోటార్ సైకిళ్ళు బాగుచేసే షాపు పెట్టింది. తర్వాత అమ్మకాలూ మొదలుపెట్టింది. అక్కడే ఒక సంగతి ఆమెని బాధపెట్టింది. కొనేవాళ్ళలో చాలామందికి సరిగ్గా నడపడమే రాదు. డబ్బు కట్టి, బండెక్కి, రోడ్డు మీదికి వెళ్ళిపోతున్నారు. మరొకరైతే నాకెందుకులే, బేరం అయింది కదా అనుకునేవారు. థెరీసా వాళ్ళకి నేర్పడం మొదలుపెట్టింది. 1970లో ఇందుకోసమే ఓ పుస్తకం రాసింది. 1973లో షాపు అమ్మేసి, ఫీనిక్స్ నగరానికి వెళ్ళి, బండి నడపడం నేర్పే బడి పెట్టింది. కంటిచూపు తగ్గి లైసెన్సు వదులుకునేనాటికి ఆమె వయసు 88 ఏళ్ళు!

సరిగ్గా తన 90వ పుట్టినరోజున, 1999 ఏప్రిల్ 30న, థెరీసా వెళ్ళిపోయింది. ఆఫ్రికా ప్రయాణం గురించి ఆమె రాసుకున్నది 2001లో గానీ పుస్తకంగా రాలేదు. అచ్చయిన ఆ పుస్తకాన్ని ఆమె చూసుకోలేదు.

మరి మా పిల్ల సంగతి?

వద్దనలేకపోయాను. అయితే ఊరికే సరే అని కూడా అనలేదు. షరతులు పెట్టాను.

ఇద్దరం షోరూముకి వెళ్ళాం. దాని కన్ను అన్నిటికంటే పెద్ద బండి మీద పడింది. ఎక్కి కూర్చోమన్నాను. మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి. రాళ్ళ బాటలో బండి పక్కకి ఒరిగితే కాలు ఊనాలి కదా. పడిపోతే మనమే లేపుకోవాలి కదా. ఎవరి పొడవుకీ, ఎవరి బలానికీ తగ్గ బండి వాళ్ళది. చివరికి అంతకంటే చిన్నది, తేలికైనది తీసుకుంది. ఒకటే సిలిండరు. గుంటల్లో తగలకుండా ఇంజను కింద దిట్టమైన ప్లేటు వేయించాం. చేతులకి దెబ్బ తగలకుండా హ్యాండిల్‌కి గార్డులు, రెండు రోడ్లకీ పనికొచ్చే గళ్ళ టైర్లు, వెనక రెండు పక్కలా సమానంగా వేలాడే సంచులు. బరువైన సామాను ఎప్పుడూ అడుగున, బండి మధ్యకి దగ్గరగా సర్దాలట. పైన కడితే మలుపుల్లో బండి తూగుతుంది. విడి క్లచ్ వైరు, ట్యూబులు, గాలి పంపు, పానాలు పెట్టాక చీరల షాపింగులా అది తెచ్చిపెట్టుకున్నవాటిలో సగం తీయించేశాను. సహారా ఇసుక గుర్తుంది మరి!

అన్నిటికంటే పెద్ద షరతు ఒకటుంది. రెండు నెలల పాటు ప్రతి ఆదివారం మెకానిక్ షెడ్డుకి వెళ్ళి పని నేర్చుకోవాలి. పంక్చరు వేయడం, చైను బిగించడం, వైర్లు మార్చడం తన చేత్తో తను చేసి చూపిస్తేనే ప్రయాణం. కుంజుం కనుమ 4,500 మీటర్లు దాటిన ఎత్తులో ఉంటుంది. అక్కడ మా అన్నయ్యలూ ఉండరు, మెకానిక్ కుర్రాళ్ళూ ఉండరు.

అక్క ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. దండం పెట్టుకుని ఊరుకుంటోంది. బావగారు మాత్రం మొన్న మంచి హెల్మెట్ ఏదో కనుక్కుని చెప్పమని నాకు ఫోన్ చేశారు.

మీ ఇంట్లోనూ ఓ అమ్మాయి బండి అడుగుతూ ఉండొచ్చు. సరే అంటారో వద్దంటారో మీ ఇష్టం. సరే అంటే మాత్రం బండి తాళంతో పాటు పానాల పెట్టె కూడా చేతికివ్వండి. దాన్ని ఎలా వాడాలో నేర్పించండి.

అన్నట్టు, పోయిన ఆదివారం దానితో నేనూ షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్‌ని అడిగి ఓ పాత బండి ప్లగ్గు ఊడదీశాను. మసి గీకి, మళ్ళీ బిగించాను. నాకైతే పావుగంట పట్టింది.