చరిత్ర మాస్టారు గిడుగు రామమూర్తి పంతులు గారు

మన డయాసిస్ శతవార్షికోత్సవ సంచికకు సంఘ సభ్యులు తమకు తెలిసిన విషయంపై ఒక వ్యాసం వ్రాయవలసిందని పెద్దలు కోరారు. మొగుళ్లపల్లి సంఘంలో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మేము ముగ్గురం కలిసి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మాలో ఇద్దరం హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పేవాళ్ళం. చరిత్ర పాఠం అనగానే వెనుక బెంచీలో తలలు వాలడం మేము రోజూ చూసేదే. మా చిన్నతనంలో మేమూ అట్లాగే వాల్చినవాళ్ళం. రాజుల పేర్లు, యుద్ధాలు, సంవత్సరాలు నోట్సులో వ్రాసుకొని, పరీక్ష నాటికి కంఠతా పట్టి, పరీక్ష అయిన మర్నాటికి మరచిపోయేవాళ్ళం. అందుకని ఒక చరిత్ర మాస్టారి జీవితం వ్రాద్దామనుకున్నాము.

ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఈ పేరు వినని తెలుగువారు అరుదు. ఏటా ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. ఆ రోజున పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించి, వాడుక భాషా ఉద్యమ పితామహుడని పటానికి దండ వేస్తాము. అయితే ఆయన బ్రతుకుతెరువు తెలుగు పాఠం కాదు, చరిత్ర పాఠం. ముప్ఫై ఏళ్ళు ఆయన చరిత్ర చెప్పారు. దండ వేసే మాలో ఎందరికో ఈ సంగతి తెలియదు. మాకూ ఆలస్యంగానే తెలిసింది.

పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. పన్నెండేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో మేనమామ గారింట ఉండి, మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు చెందిన హైస్కూలులో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆపైన చదువుకు వీలు చిక్కలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్ఫై రూపాయల జీతంపై చరిత్ర మాస్టారుగా చేరారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు నిండీ నిండని వయసు. ఎదుట కూర్చున్న పిల్లల కంటే ఏ నాలుగేళ్ళో పెద్ద.

ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. బి.ఏ.లో ఆయన తీసుకున్నది చరిత్రే. పగలు పిల్లలకు పాఠం చెప్పి, రాత్రి దీపం ముందు తాను విద్యార్థి అయ్యే మాస్టర్ల కష్టం మాకు తెలుసు. పదహారేళ్ళు ఆ పట్టు విడవకుండా ఉండడం మాత్రం మా వల్ల అయ్యేది కాదు.

ఇక మేము ప్రత్యేకంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాము. పర్లాకిమిడికి దగ్గరలో వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. అక్కడ ముఖలింగేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. గోడల మీద, స్తంభాల మీద ఎన్నో శాసనాలు. చుట్టుపక్కల ఊళ్ళవారు తరతరాలుగా వాటి ముందు నుంచే నడిచి పోతున్నారు. ఆ ఊరి పక్క పుట్టిన రామమూర్తి గారు కూడా చిన్నతనంలో అట్లా నడిచినవారే అయి ఉండాలి. చరిత్ర మాస్టారు అయిన తరువాత మాత్రం ఆ రాళ్ళు ఆయనను ఊరుకోనివ్వలేదు. బడిలో చెప్పే చరిత్ర పుస్తకమంతా ఢిల్లీ గురించి, ఇంగ్లండు గురించి. కళ్ళ ముందు గోడ మీద ఉన్న చరిత్ర ఎవరికీ అర్థం కాని లిపిలో ఉంది. చదివి పెట్టేవారి కోసం ఎదురు చూడకుండా, గురువు లేకుండానే పుస్తకాలు తెప్పించుకొని ఆయన పాత లిపులు నేర్చుకున్నారు. శాసనాలు ఒక్కొక్కటీ చదివారు.

శాసనం చదవడం అంటే ఏమిటో సంఘంలోని పిల్లల కోసం కొంచెం చెబుతాము. ముందు రాయిని శుభ్రంగా కడగాలి. తడిపిన కాగితాన్ని దాని మీద పరచి, అక్షరాల గుంటలలోకి కాగితం దిగేటట్లు బ్రష్షుతో కొట్టాలి. పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా నిలిచి, మిగిలినదంతా నల్లబడుతుంది. అప్పుడు కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. సంవత్సరం చాలా చోట్ల అంకెలలో ఉండదు. నేత్రాలు అంటే రెండు, వేదాలు అంటే నాలుగు, చంద్రుడు అంటే ఒకటి. ఈ మాటలను వెనుక నుంచి ముందుకు చదివితే శక సంవత్సరం వస్తుంది. దానికి 78 కలిపితే మనం వాడే క్రీస్తు శకం దొరుకుతుంది. లెక్కల పీరియడులో కూడికకు విసుక్కునే పిల్లవాడు కూడా ఈ కూడికకు విసుక్కోడు, మేము చూశాము.

పంతులు గారు పరిశోధించిన వాటిలో ముఖ్యమైనవి నడగాం రాగి రేకులు. గంగరాజు వజ్రహస్తుడు శక సంవత్సరం 979లో, అంటే 1057లో వేయించిన దానశాసనం అది. పంతులు గారు దానిని చదివి, వివరణతో ఎపిగ్రాఫియా ఇండికా అనే ప్రభుత్వ పత్రికలో ప్రకటించారు. పెద్ద పెద్ద దొరలు, పురాతత్త్వ శాఖ పండితులు వ్రాసే పత్రిక అది. తూర్పు గంగరాజుల పాత రాజధాని కళింగనగరం ఎక్కడున్నదనే ప్రశ్న అప్పటికి తేలలేదు. సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమే అది అని కొందరనుకున్నారు. పంతులు గారు ముఖలింగంలోని శాసనాలను, పక్కనే నగరికటకం అనే ఊరి పేరును చూపించి, కళింగనగరం అంటే ముఖలింగ ప్రాంతమేనని వాదించారు. తరువాతి చరిత్రకారులలో ఎక్కువ మంది ఆ మాటనే అంగీకరించారు. ఒక మారుమూల పట్టణపు బడిపంతులు, తాను పుట్టిన ఊరి పొలిమేర ఒకనాటి రాజధాని అని లోకానికి చూపించాడన్నమాట! రాజావారి హైస్కూలు కాలేజీ అయిన తరువాత పంతులు గారు పై తరగతులకు కూడా చరిత్ర చెప్పి, 1911లో ఉద్యోగ విరమణ చేశారు. స్వయంగా రాయిని కడిగి చదివిన మాస్టారి దగ్గర గంగరాజుల పాఠం విన్న పిల్లలు అదృష్టవంతులని మా అభిప్రాయం.

ఈ చరిత్ర మాస్టారు భాష గొడవలోకి ఎందుకు దిగారని కొందరు అడుగుతారు. మా ఉద్దేశంలో రెండూ ఒకటే. ఆ రోజుల్లో బడిలో తెలుగు వ్రాయాలంటే గ్రాంథికంలోనే వ్రాయాలి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది ఒకటి, బడిలో వ్రాయవలసింది మరొకటి. చదివినది తన మాటల్లో చెప్పే వీలు లేనప్పుడు పిల్లవాడికి మిగిలేది కంఠస్థమే. మన తెలంగాణలో ఈ కష్టం ఇంకా ఎక్కువ. నిజాం ప్రభుత్వ కాలంలో మన తాతలు చరిత్ర, లెక్కలు అన్నీ ఉర్దూలో చదివారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. అర్థం కాకపోతే అడగడానికి కూడా భాష రాని పిల్లలు ఎందరు బడి మానేశారో వారి ఇళ్ళలోని ముసలివారిని అడిగితే తెలుస్తుంది.

జె.ఏ. యేట్స్ అనే దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి, తెలుగువారు మాట్లాడే భాషకూ బడిలో నేర్పే భాషకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. మచిలీపట్నంలో పనిచేసిన సి.ఎం.ఎస్. మిషనరీ ఆర్డెన్ గారి తెలుగు వ్యాకరణం అప్పటికే ఉన్నది. జనంతో మాట్లాడితే గాని సేవ సాగదు గనుక మిషనరీలకు ఈ తేడా ముందే తెలిసివచ్చింది. యేట్స్ ప్రశ్నతో కదిలినవారు పంతులు గారు, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు. తమాషా ఏమిటంటే ముగ్గురూ చరిత్ర పిచ్చివాళ్ళే. గురజాడ వారు విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు. అయ్యంగారు తరువాత తమిళుల చరిత్ర వ్రాశారు.

పండితులు ఎదురు తిరిగారు. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో పెద్ద వాదమే నడిచింది. ఆ వివరాలన్నీ ఇక్కడ అవసరం లేదు. మేము గమనించింది ఒక్కటి. రామమూర్తి గారు ఈ వాదాన్ని కూడా చరిత్ర మాస్టారుగానే నడిపారు. ఆవేశంతో కాక సాక్ష్యాలతో వాదించారు. పాత శాసనాలలో, వ్యాఖ్యానాలలో, స్థానిక చరిత్రలలో తెలుగువారు వచనం ఎట్లా వ్రాశారో వెతికి, ఏరి, గద్య చింతామణి అనే సంపుటం కూర్చారు. గ్రాంథికమే వ్రాయాలన్న పండితుల పుస్తకాలలోనే గ్రాంథికం ఎక్కడెక్కడ తప్పిందో ఎత్తి చూపారు. ఇది వారికి కోపం తెప్పించిందంటే ఆశ్చర్యం లేదు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. అంతవరకు గ్రాంథికంలో వ్రాసిన కందుకూరి వీరేశలింగం గారు కూడా తమ చివరి రోజుల్లో ఈ పక్షానికి వచ్చారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. ఆ రోజుల్లో వారికి లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. రామమూర్తి గారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంట్లో ఉంచుకొని సవర భాష నేర్చుకున్నారు. సవర పాటలు, కథలు సేకరించారు. సవర భాషలోనే వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వారికి చదువు చెప్పేవారికి జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ము తనకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టించమని కోరారు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకున్నది. దానికి మింగిన క్వినైను వల్ల చెవులు వినపడకుండా పోయాయి. భాషలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు రావడం ఎంత బాధాకరమో ఆలోచించండి. అయినా పని ఆగలేదు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆ తరువాత నిఘంటువు కూడా వచ్చింది. 1934లో కైజర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చారు. ఆ పతకం కంటే ఆ సవర బడి గొప్పదని మాకనిపిస్తుంది.

మా సంగతి ఒకటి చెబుతాము. పంతులు గారి జీవితం చదివిన తరువాత మాలో ఒకరు పదవ తరగతి పిల్లలను పాలంపేట రామప్ప గుడికి తీసుకువెళ్ళారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన నాటి నుంచి అక్కడ జనం ఎక్కువ. అందరూ గుడి ముందు ఫొటోలు తీసుకుంటుంటే పిల్లలను పక్కనున్న చిన్న మంటపం దగ్గరకు తీసుకువెళ్ళి, అందులోని నాలుగు పలకల నల్లరాతి శాసనం చూపించాము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనమది. శక సంవత్సరం 1135 అని చెప్పి, మిగతా లెక్క పిల్లలకే వదిలేశాము. ఎవరో అరచేతి మీద పెన్నుతో కూడి 1213 అన్నారు. ఎనిమిది వందల ఏళ్ళు దాటిందా అని మరొకరు. ఆ తరువాత ప్రశ్నలు ఆగలేదు. రుద్రుడు ఏ ఊరివాడు, రాయి ఎక్కడి నుంచి తెచ్చారు, కూలి ఎంత ఇచ్చారు, మన ఊరి చెరువు కూడా అప్పటిదేనా అని. కొన్నిటికి జవాబు చెప్పాము. కొన్నిటికి మాకూ తెలియదని ఒప్పుకున్నాము. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ నిద్రపోలేదు.

రామమూర్తి గారి చివరి రోజులు మరొక విధంగా కష్టమైనవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులోకి పోయింది. అది తెలుగు ప్రాంతంలో ఉండాలని వారు ఎంతో పోరాడారు. అర్ధ శతాబ్దానికి పైగా పాఠం చెప్పిన, పని చేసిన ఊరిని డెబ్బై మూడవ ఏట విడిచి, రాజమహేంద్రవరం వచ్చేశారు. కుమారుడు సీతాపతి గారు తండ్రి పనిని కొనసాగించారు. 1940 జనవరి మధ్యలో పంతులు గారు మద్రాసులో పత్రికా సంపాదకులను కలిసి, పత్రికలు జనం భాషలో వ్రాయాలని మరొకసారి అడిగారు. అది జరిగిన వారానికే, జనవరి 22న కన్నుమూశారు.