గరుకు గొంతు ముత్యం

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఇంట్లో మిగతావాళ్లు కునుకు తీస్తుంటే నేను హాల్లో నేలమీద కూర్చుని ఒకే పాటని మూడుసార్లు వింటున్నాను. మొదట బాబాయి ఇచ్చిన పాత ఎల్పీ రికార్డు మీద. తర్వాత తొలిరోజుల్లో వచ్చిన సీడీలో. ఆ తర్వాత రీమాస్టర్ చేసి 1999లో మళ్లీ విడుదల చేసిన సీడీలో. మావారు ఒక కన్ను తెరిచి, పాట ఒకటే కదా, ఇదేం చాదస్తం అన్నారు. పాట ఒకటే గానీ పాడినావిడ మూడుచోట్లా ఒక్కలా లేదండీ అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

ఆ పాడినావిడ పేరు జానిస్ జోప్లిన్. ఆల్బమ్ పేరు పెర్ల్, అంటే ముత్యం. అది స్నేహితుల మధ్య ఆమె ముద్దుపేరు కూడా. ఓడల్లో ఉద్యోగం చేసిన మా బాబాయి విశాఖపట్నం వచ్చినప్పుడల్లా మిఠాయిలకి బదులు రికార్డులు తెచ్చేవాడు. ఆ అట్టమీద ఈకలు తురుముకుని, సోఫాలో చేరగిలబడి నవ్వుతున్న అమ్మాయిని చూసి, చిన్నప్పుడు నేను సినిమాతార అనుకున్నాను. ఆ ఆల్బమ్ బజారులోకి రావడానికి మూడు నెలల ముందే ఆమె చనిపోయిందని చాలా ఏళ్లకిగానీ తెలియలేదు.

అందరిలా లేని పిల్ల

జానిస్ 1943 జనవరి 19న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పోర్ట్ ఆర్థర్ అనే ఊళ్లో పుట్టింది. చమురుశుద్ధి కర్మాగారాల ఊరది. తండ్రి చమురు కంపెనీలో ఇంజనీరు. తల్లి ఒక కాలేజీ కార్యాలయంలో పనిచేసేది. ముగ్గురు పిల్లల్లో జానిసే పెద్దది. బొమ్మలు వేసేది, పుస్తకాలు చదివేది, చర్చిలో పాడేది. ఇంట్లో కొదవేమీ లేదు.

కష్టమంతా హైస్కూల్లో మొదలైంది. మొహం నిండా మొటిమలు, కాస్త లావు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి చదువుకోవాలని ఆ ఊళ్లో, ఆ రోజుల్లో పైకే అనేది. పిల్లలు ఊరుకుంటారా? పేర్లు పెట్టి ఏడిపించారు. ఆ ఏడుపులో ఆమెకి దొరికిన తోడు బెస్సీ స్మిత్ పాటలు. బెస్సీ నల్లజాతి గాయని. 1923లో మొదటి రికార్డులు ఇచ్చినప్పుడు మైకులు కూడా లేవు, పెద్ద గరాటు ముందు నిలబడి పాడాల్సిందే. ఈనాటి చెవికి అవి ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంటాయి. అయినా ఆ గొంతులోని బాధ మూడు దశాబ్దాలు దాటి వెళ్లి పోర్ట్ ఆర్థర్‌లో ఒక ఒంటరి పిల్లకి తగిలింది. ధ్వని నాణ్యత గురించి మాట్లాడుకునే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలనిపిస్తుంది నాకు.

1962లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడి విద్యార్థులు క్యాంపస్‌లో అందరికన్నా అనాకారి మగవాడెవరో తేల్చే పోటీ పెట్టి, అందులో ఈమె పేరు చేర్చారు. ఒక ఆడపిల్లకి అంతకన్నా అవమానం ఏముంటుంది? 1963 జనవరిలో చదువొదిలేసి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయింది. అక్కడ పాటతోపాటు మత్తుమందులూ పట్టుకున్నాయి. 1965 నాటికి ఎంత చిక్కిపోయిందంటే, స్నేహితులే చందాలేసుకుని బస్సు టిక్కెట్టు కొని ఇంటికి పంపారు.

ఒక ఏడాది బుద్ధిగా ఉంది. మళ్లీ కాలేజీలో చేరింది. జుట్టు ఎత్తుగా ముడేసుకుంది. పెళ్లి కుదిరింది. తల్లీ కూతుళ్లు పెళ్లి పనులు మొదలుపెట్టారు కూడా. ఇంతలో ఆ అబ్బాయి వద్దని తప్పుకున్నాడు. 1966 జూన్‌లో, బిగ్ బ్రదర్ అండ్ ద హోల్డింగ్ కంపెనీ అనే బృందానికి గాయని కావాలని కబురొస్తే మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరింది.

అరుపా, పాటా?

1967 జూన్‌లో మాంటెరే సంగీతోత్సవంలో ఆమె పాడిన పాటతో దశ తిరిగింది. అది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని రాసి పాడుకున్న బ్లూస్ పాట. జానిస్ దాన్ని గుసగుసగా మొదలుపెట్టి, గొంతు చీరుకుపోతుందేమో అన్నంత దూరం తీసుకెళ్లింది. మొదటిరోజు పాడినప్పుడు కెమెరాలు తీయలేదు. అందుకే మర్నాడు మళ్లీ పాడించారు. సినిమాలో మనం చూసేది ఆ రెండోసారి పాడినదే.

1968 ఆగస్టులో వచ్చిన చీప్ థ్రిల్స్ ఆల్బమ్ అమెరికాలో 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. వింటే కచేరీ హాల్లో కూర్చున్నట్టుంటుంది. చప్పట్లు, ఈలలు, జనం సందడి. కానీ ఒక్క పాట తప్ప మిగతావన్నీ స్టూడియోలో పాడినవే, సందడి తర్వాత కలిపిందే! ఆ రికార్డింగుల్లో మిగిలిపోయిన ప్రతులు 50 ఏళ్ల తర్వాత 2018లో విడిగా వచ్చాయి. అందులో ఆ సందడి లేదు. ఒకే పాట పదేపదే పాడుతూ, ఆపుతూ, మళ్లీ ఎత్తుకుంటూ ఉంటుంది. ఈమె ఊరికే అరుస్తుంది, అదృష్టం కలిసొచ్చింది అన్నవాళ్లు ఆ ప్రతులు వినాలి. అరుపని మనం అనుకున్నది ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ తెగాలో ఆమెకి ముందే లెక్కుంది.

నాకు ఇది మామూలు సంగతి కాదు. స్కూల్లో ప్రార్థనగీతం పాడే జట్టులోంచి, గొంతు మగపిల్లాడిలా ఉందని నన్ను తప్పించారు. ఆ తర్వాత వంటింట్లో తప్ప ఎక్కడా పాడలేదు. ఆడగొంతంటే తేనెలా ఉండాలని ఎవరు నిర్ణయించారో గానీ, మనమంతా తలూపేశాం.

అసలు రీమాస్టర్ అంటే ఏమిటి?

స్టూడియోలో పాట తీసేటప్పుడు గొంతు, గిటారు, డ్రమ్ములు టేపు మీద వేర్వేరు వరసల్లో ఎక్కిస్తారు. తర్వాత అన్నిటినీ తగుపాళ్లలో కలిపి ఒక టేపు తయారుచేస్తారు. అదీ మాస్టర్ టేపు. రికార్డులూ, క్యాసెట్లూ, సీడీలూ దాన్నుంచి పుట్టినవే. రీమాస్టర్ అంటే ఆ కలిపేసిన టేపుని మళ్లీ బైటికి తీసి, మెరుగైన యంత్రాలతో డిజిటల్‌లోకి ఎక్కించి, బేసూ ట్రెబులూ సరిచేయడం. పులుసు కాగిపోయాక వేడిచేసుకోవచ్చు, పైన తిరగమోత వేసుకోవచ్చు. లోపలి ఉప్పు మాత్రం తియ్యలేం. వేర్వేరు వరసల దగ్గరికే వెళ్లి మళ్లీ కలపడాన్ని రీమిక్స్ అంటారు. అది కూరగాయలు తరగడం దగ్గర్నుంచి మొదలుపెట్టడం లాంటిది.

తొలినాళ్ల సీడీలకి చాలాసార్లు అసలు మాస్టర్ టేపు కాకుండా దాని నకలు వాడేవారు. యంత్రాలూ అప్పుడప్పుడే వచ్చాయి. అందుకే ఆ సీడీల్లో కొన్ని పలచగా వినిపిస్తాయి. తర్వాత్తర్వాత టేపులు వెతికి పట్టుకుని జాగ్రత్తగా ఎక్కించారు. అది మంచే. కానీ 1990ల నుంచి ఇంకో జబ్బు పట్టుకుంది... అన్నీ గట్టిగా వినబడాలి! మెల్లగా ఉన్నచోటు పైకెత్తి, గట్టిగా ఉన్నచోటు నొక్కి, పాటంతా ఒకే ఎత్తుకి తెస్తారు. మొదట వినగానే భలే ఉందనిపిస్తుంది. నాలుగు పాటలయ్యేసరికి తలనొప్పి.

ఇక నా మూడు ప్రతుల సంగతి. మీ అండ్ బాబీ మగీ పాటనే తీసుకోండి. ఒక గిటారు, పక్కన కూర్చుని కబురు చెబుతున్నట్టు జానిస్ గొంతు. అలా మొదలై చివరికి బృందమంతా పరుగందుకుంటుంది. పాట ప్రాణం ఆ తేడాలోనే ఉంది. ఎల్పీలో చిటపటలున్నాయి గానీ మెల్లన మెల్లగానే ఉంది, ఉరుము ఉరుములాగే ఉంది. పాత సీడీలో చిటపటలు లేవు, గొంతు కాస్త ఎండినట్టుంది. 1999 సీడీ పెట్టగానే ఉలిక్కిపడి వాల్యూమ్ తగ్గించాను. తగ్గించి వింటే మాత్రం, బేస్ గిటారు గుండ్రంగా, ఆర్గన్ విడిగా, ఎప్పుడూ వినని వివరాలు వినిపించాయి. అయితే మొదటికీ చివరికీ ఉన్న ఆ ఎత్తుపల్లం ఎల్పీలో ఉన్నంత లేదు.

మీరూ పోల్చి చూడాలంటే ఒక చిట్కా. గట్టిగా వినబడేదే చెవికి మంచిదనిపిస్తుంది. అందుకని ముందు రెండింటి వాల్యూమూ సమానం చెయ్యండి. బేస్, ట్రెబుల్ మీటలు మధ్యలో ఉంచండి. ఒకే పాట, ఒకే చోటు వినండి. మెల్లగా పాడేచోట ఊపిరి వినిపిస్తోందా, గట్టిగా పాడేచోట గొంతు పగిలినా మాట తెలుస్తోందా, ఈ రెండే చూడండి.

ఆఖరి నెలలు

1968 చివర్లో జానిస్ బిగ్ బ్రదర్‌ని వదిలింది. కొత్త బృందంతో 1969లో ఉడ్‌స్టాక్‌లో పాడింది, ఇంకో ఆల్బమ్ చేసింది. పేరూ డబ్బూ వచ్చాయి. రంగురంగుల బొమ్మలు వేయించిన పోర్షే కారులో తిరిగేది. మత్తు మాత్రం ఒదల్లేదు. కొన్నాళ్లు మానేది, మళ్లీ మొదలెట్టేది.

1970 ఆమెకి మంచి ఏడాదిలాగే కనిపించింది. ఫుల్ టిల్ట్ బూగీ అనే మూడో బృందం దొరికింది. వాళ్లతో ఎండాకాలంలో కెనడా అంతా రైల్లో తిరుగుతూ కచేరీలు చేసింది. 2005లో పెర్ల్‌ని రెండు సీడీలుగా మళ్లీ తెచ్చినప్పుడు ఆ కచేరీ పాటలు రెండో సీడీలో చేర్చారు. ఆ ఆగస్టులో పోర్ట్ ఆర్థర్ వెళ్లి, హైస్కూలు పదేళ్ల పూర్వ విద్యార్థుల సమావేశంలో పాల్గొంది. విలేకరులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. అయినా ఊరు తనని ఇంకా వింతగానే చూస్తోందని తెలుసుకుని తిరిగొచ్చింది.

అదే నెలలో ఇంకో పని చేసింది. 1937లో చనిపోయిన బెస్సీ స్మిత్ సమాధి మీద 33 ఏళ్లుగా పేరు రాసిన రాయి కూడా లేదని తెలిసి, వనీటా గ్రీన్ అనే మహిళతో కలిసి డబ్బిచ్చి రాయి వేయించింది. గురుదక్షిణ అంటే అదే కదూ!

సెప్టెంబర్‌లో లాస్‌ఏంజెల్స్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో పెర్ల్ పని మొదలైంది. నిర్మాత పాల్ రాత్‌చైల్డ్. అక్టోబర్ 1న వాద్యాలేవీ లేకుండా, కాలితో తాళం వేస్తూ మెర్సిడెస్ బెంజ్ పాడింది. దేవుణ్ణి కారు, కలర్ టీవీ కోరుకునే వెటకారపు పాట. 2 నిమిషాలు కూడా లేదు. అక్టోబర్ 3న స్టూడియోకి వచ్చి, ఇంకో పాటకి బృందం వాయించి ఉంచిన సంగీతం విని వెళ్లింది. మర్నాడొచ్చి దాని మీద పాడాలి.

మర్నాడు రాలేదు. ఎంతసేపు చూసినా రాకపోతే కంగారుపడి మనిషిని పంపారు. హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయి ఉంది. హెరాయిన్ మోతాదు మించింది. వయసు 27. తన పేరుమీద స్నేహితులంతా విందు చేసుకోవాలని వీలునామాలో 2,500 డాలర్లు రాసిపెట్టింది. చితాభస్మం పసిఫిక్ సముద్రంలో కలిపారు.

నిర్మాతా, బృందమూ కలిసి ఆల్బమ్ పూర్తిచేశారు. 9 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆమె పాడాల్సిన ఆ పాటని వేరెవరిచేతా పాడించలేదు. బరీడ్ అలైవ్ ఇన్ ద బ్లూస్ అన్న పేరుతో, ఉత్త సంగీతంగానే మొదటి పక్క చివర్న ఉంచేశారు.

ఆరోజు నేను రికార్డు ఆ పాట దాకా వచ్చేసరికి మా అమ్మాయి నిద్రలేచి వచ్చి పక్కన కూర్చుంది. గిటార్లు, డ్రమ్ములు, పియానో ఉషారుగా సాగిపోతున్నాయి. కాసేపు విని, ఇందులో పాడేదెప్పుడమ్మా అంది. పాడదమ్మా, పాడాల్సినరోజు రాలేదు అన్నాను. మూడు ప్రతుల్లోనూ వెతికినా అంతే. వాద్యాలు ఒకదాన్ని మించి ఒకటి తేటగా వినిపిస్తాయి. ఆ గొంతుండాల్సిన చోటు అన్నిట్లోనూ ఖాళీయే. టేపు మీద ఎక్కనిది ఏ యంత్రమూ తేలేదు.

రికార్డు తిరగేసి మెర్సిడెస్ బెంజ్ పెట్టాను. పాట చివర జానిస్ చిన్నగా నవ్వుతుంది. ఎల్పీలో చిటపటల మధ్య కూడా ఆ నవ్వు దగ్గరగానే ఉంది. 1999 సీడీలో కాలి తాళం మరింత స్పష్టం. ఏది బావుందని అడిగితే చెప్పడం కష్టం. రెండూ ఉంచుకున్నాను. పాత సీడీ మాత్రం అటకెక్కింది.

సాయంత్రం వంటింట్లో టీ పెడుతుంటే, మా అమ్మాయి వరండాలో కాలితో తాళం వేస్తూ ఆ పాట ఎత్తుకుంది. దాని గొంతూ నాలాగే గరుకు. ఎదురింటివాళ్లు వింటారు, మెల్లగా పాడవే అనబోయి, ఊరుకున్నాను.