రాజప్రముఖుడైన నిజాము

విశాఖపట్టణ సీమ పూర్వము శ్రీకాకుళము సర్కారులోనిది. ఆ సర్కారు హైదరాబాదు నిజాము ఏలుబడిలోనిది. 1766 సంవత్సరపు సంధివలన ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కెను. వానికై నిజామునకు ఏటేట చెల్లింపవలసిన పేష్కషును గూడ కంపెనీవారు 1823లో ఏకమొత్తమిచ్చి తీర్చుకొనిరి. అటుపై నిజాము కొలువుతో మనకు పనిలేకపోయెను. మరల 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణమును మనమును ఒక్క రాష్ట్రమైతిమి. ఆ దినముతోనే ఏడవ నిజాము తన కడపటి పదవిని కోల్పోయెను. రాజైనవాడు రాజకీయములలో తన అభిప్రాయమును వెలిబుచ్చవచ్చునా అను ప్రశ్నకు ఆయన జీవితమే ఒక పాఠము. కావున దానిని సంగ్రహముగ వివరించెదను.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న జన్మించెను. తండ్రి మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టులో మరణింపగా ఇరువదియైదేండ్ల ప్రాయమున సింహాసన మధిష్ఠించెను. రాజ్యము 82 వేల చదరపు మైళ్లు. ప్రజలలో అధికులు తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడువారు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచివేసిన పిదప వరదల నరికట్టుటకు తలపెట్టిన ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు ఆయన కాలముననే పూర్తియయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపించి ఉర్దూ భాషలో ఉన్నత విద్య నేర్పించెను. ఐశ్వర్యమున లోకమునందే ప్రథముడని 1937లో అమెరికాలోని టైము పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను.

ఆ రోజులలో నిజాము ఫర్మానాయే శాసనము. అట్టి ప్రభువు అభిప్రాయము వెలిబుచ్చుటకును ఆజ్ఞాపించుటకును భేదము లేదు. 1947 జూన్‌లో ఆయన, తాను ఇండియాలోను పాకిస్తానులోను చేరక స్వతంత్రుడనై యుందునని ప్రకటించెను. ఇది ఒక్కని అభిప్రాయము. దాని ఫలితము కోటిన్నరకు పైబడిన ప్రజలది. వారి నెవ్వరును అడిగి యుండలేదు.

పలుకుట యట్లుండగా, పలుకకుండుటయు నొక దోషమయ్యెను. ఇండియాతో ఒప్పందమునకు సమ్మతించిన పిదప, 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున ఖాసిం రజ్వీ అనుచరులు ఢిల్లీకి పోవలసిన ప్రతినిధుల ఇండ్లను ముట్టడించిరి. దండింపవలసిన ప్రభువు వెనుకకు తగ్గెను. పిమ్మట నవంబరు 29న ఏడాదికి యథాతథ ఒప్పందము జరిగెను గాని, రజాకార్లు గ్రామములపై బడి దోచుచుండ ఆయన వారి నరికట్టలేదు. కురుసభలో భీష్ముడు ద్రౌపది ప్రశ్నకు తిన్నగా బదులీయక ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. ఆ తప్పుకొనుట అధర్మమునకే తోడయ్యెనని మన పెద్దలు తలంచిరి. చేతిలో దండమున్నవాని మౌనము మౌనము గాదు. అదియు నొక తీర్పే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యములు ప్రవేశించెను. ఐదు దినములలో అంతయు ముగిసెను. 17వ తేదీ సాయంకాలము నిజాము రేడియోలో తన ఓటమిని ప్రకటించెను. నాటి కల్లోలములో అన్ని మతములవారును నష్టపడిరి. రజాకార్ల చేత హిందువులును, సైనికచర్య తరువాత కొన్ని జిల్లాలలో ముస్లిములును ప్రాణములు గోల్పోయిరి. ఒక్కని మాటకును ఒక్కని మౌనమునకును లెక్క ఇంత పెద్దదయ్యెను.

ఇక్కడినుండి రెండవ జీవితము. భారత రాజ్యాంగమే హైదరాబాదునకు వర్తించునని 1949 నవంబరులో ఆయనయే ఫర్మానా ఇచ్చెను. 1950 జనవరి 26న ఆ రాష్ట్రమునకు రాజప్రముఖుడయ్యెను. హైదరాబాదునకు సంబంధించినంతవరకు, నిజాముగా రాష్ట్రపతి గుర్తించినవాడే రాజప్రముఖుడని రాజ్యాంగమునందే వ్రాయబడెను. పేరును మర్యాదయు ఆయనవి. ఆలోచనయు బాధ్యతయు మంత్రులవి. మొదట వెల్లోడీ, 1952 ఎన్నికల పిదప మార్చి నుండి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రులైరి.

గ్రామ లెక్కలు వ్రాయు మావంటివారికి ఇందులో ఒక విశేషము కనబడును. రక్షిత కౌలుదారులకు భూమిపై హక్కు కల్పించిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము ఆయన రాజప్రముఖుడుగ నున్న కాలమున వెలువడినదే. తరతరములుగా జాగీర్దారులకు అండయైన వంశము వాడు ఆ చట్టమును గూర్చి మనసులో నేమనుకొనెనో మనకు అక్కరలేదు. అక్కరలేకుండుటయే ఆ పదవి గొప్పతనము. దున్నువాని హక్కు దొర యిష్టముపై గాక శాసనముపై నిలిచెను.

రాజు మంచిమాట పలికిన తప్పేమి యని కొందరడుగుదురు. 1936లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ ఎడ్వర్డు దక్షిణ వేల్సులో పనిలేక యలమటించు కార్మికులను జూచి, వారికి ఏదైన చేయవలెనని బహిరంగముగ ననెను. మాట దయగలది. కాని చేయవలసినవారు మంత్రులు. సొమ్ము మంజూరు చేయవలసినది పార్లమెంటు. చేయకున్న ప్రజలు మంత్రులను దింపగలరు, రాజును దింపలేరు. జవాబు చెప్పుకొననక్కరలేని నోట వచ్చు మాట, మంచిదైనను, జవాబుదారి నోటిని మూయించును. కావున అట్టి రాజు మంత్రులను చాటున ప్రశ్నింపవచ్చును, హెచ్చరింపవచ్చును. బయట ఒక పక్షము వహింపరాదు.

రాష్ట్రముల పునర్విభజనతో రాజప్రముఖ పదవి తొలగిపోయెను. కొత్త ఆంధ్రప్రదేశమునకు చందూలాల్ త్రివేది గవర్నరయ్యెను. ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీ భవనమున మరి పదేండ్లు జీవించి 1967 ఫిబ్రవరి 24న మరణించెను.

నేడు మనకు రాజులు లేరు. రాజభరణములు సైతము 1971లో రద్దయినవి. అయినను రాష్ట్రపతియు గవర్నర్లును ఆ రాజప్రముఖుని వలెనే తమ పేరున ఇతరుల నిర్ణయములను ప్రకటించువారు. వారు హద్దు దాటినను, జమీందారీల కాలపు అలవాటుచొప్పున పెద్దల నోటివంక చూచుచు మనము మన బుద్ధిని తాకట్టు పెట్టినను, నష్టము మనదే. అభిప్రాయము చెప్పవలసినవాడు ఓటరు. అది చెప్పుటకు తగిన తెలివి సంపాదించుటకే ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు తెరచి యున్నది.