గోడ పక్కన వేసిన బల్ల

1940 ఫిబ్రవరి 29 రాత్రి. లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్‌లో ఆస్కార్ బహుమతుల విందు జరుగుతోంది. గాన్ విత్ ద విండ్ చిత్రంలో నటించిన పెద్ద తారలంతా ఒక చోట కూర్చున్నారు. అదే చిత్రంలో నటించిన ఒక స్త్రీకి మాత్రం దూరంగా, గోడ పక్కన చిన్న బల్ల వేశారు. నల్లవారిని రానివ్వని ఆ హోటల్‌లో ఆ మాత్రం చోటు కోసం కూడా నిర్మాత ప్రత్యేకంగా అడగవలసి వచ్చింది. ఆ రాత్రి ఉత్తమ సహాయనటిగా ఆమె పేరే పిలిచారు. ఆమె హాటీ మెక్‌డానియెల్, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి.

హాటీ తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవారు. తండ్రి హెన్రీ అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడారు. తల్లి సూసన్ భక్తిగీతాలు పాడేవారు. కాన్సాస్‌లోని విచిటాలో పుట్టి డెన్వర్‌లో పెరిగిన హాటీ పాటలతో, నాటకాలతో ఊరూరా తిరిగారు. 1929లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలినప్పుడు మిల్వాకీలోని ఒక క్లబ్బులో మరుగుదొడ్ల దగ్గర పనికి కుదిరారు. తర్వాత అక్కడే గాయని అయ్యారు. హాలీవుడ్‌కు వచ్చిన కొత్తలో వేషాలు దొరకని రోజుల్లో ఇళ్లలో పనిచేసి పొట్టపోసుకున్నారు.

సినిమాల్లో ఆమెకు దొరికినవి కూడా ఎక్కువగా పనిమనిషి వేషాలే. వాటివల్ల తమ జాతి చులకన అవుతోందని నల్లజాతి నాయకులు తప్పుపట్టారు. ఆ మాటలో న్యాయం లేదని మేము అనము. అయితే ఆ వేషాలు కాదంటే ఆమెకు మిగిలేది మళ్లీ పరుల ఇంటి చాకిరీయే. అటు తెల్లవారు దగ్గరికి రానివ్వక, ఇటు సొంతవారు మెచ్చక, ఆమె నలిగిపోయారు.

అయినా ఆమె అన్నిటికీ తలవంచలేదు. ఆమె ఇల్లు కొనుక్కున్న వీధిలో నల్లవారు ఉండకూడదని తెల్లజాతి ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. హాటీ తోటివారిని కూడగట్టుకుని ఎదుర్కొన్నారు. 1945లో న్యాయమూర్తి ఆ దావా కొట్టివేశారు. అలాంటి ఒప్పందాలను ఏ కోర్టూ అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది.

1952 అక్టోబరు 26న రొమ్ము క్యాన్సర్‌తో ఆమె కన్నుమూశారు. హాలీవుడ్ సమాధుల తోటలో తనను పాతిపెట్టాలన్నది ఆమె కోరిక. నల్లవారికి అక్కడ చోటు లేదన్నారు. వేరొక చోట సమాధి చేశారు. 1999లో, 47 ఏళ్ల తర్వాత, ఆ తోటలో ఆమె పేరిట స్మారక శిల నిలిపారు.

ప్రియులారా, ఆ హోటల్‌ను తప్పుపట్టడం మనకు తేలిక. కానీ ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో నిలదీసింది హోటళ్లను కాదు, సంఘాన్ని. మన మందిరంలో, మన పెండ్లి విందులో, మన సమాధుల తోటలో కులాన్నిబట్టో డబ్బునుబట్టో గోడ పక్కన వేసిన బల్ల ఏదైనా ఉందా? ఉంటే, వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లకముందే దాన్ని తీసివేద్దాం. ఎవరైనా చనిపోయిన 47 ఏళ్లకు శిల నిలిపే పని మనకు రాకూడదు.