అక్షరానికి గళమిచ్చిన డెన్నిస్ క్లాట్

చదువ నేర్చిన వానికి గ్రంథం మంచి మిత్రుడు. చూపు కరవైన వానికి అదే గ్రంథం మూసిన తలుపు. ఇతరులు చదివి వినిపిస్తేనే ఆ తలుపు తెరచుకుంటుంది. గ్రామఫోను రికార్డులపై వెలువడిన పుస్తకాలు ఈ లోటును కొంత తీర్చాయి. కాని, ఎవరో ముందుగా చదివి ఉంచినవి మాత్రమే వాటిలో లభించేవి. నేడు వచ్చిన ఉత్తరాన్ని నేడే చదివి వినిపించాలంటే యంత్రమే మాట్లాడాలి. యంత్రానికి ఆ వాక్కును ప్రసాదించిన వారిలో అగ్రగణ్యుడు డెన్నిస్ క్లాట్.

ఆయన 1938 మార్చి 31న అమెరికాలోని మిల్వాకీ నగరంలో జన్మించాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించి, 1964లో మిచిగాన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టం పొందాడు. 1965లో ఎం.ఐ.టి.గా ప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, జీవితాంతం అక్కడే పరిశోధన సాగించాడు.

వ్రాతను వాక్కుగా మార్చడం సులభసాధ్యం కాదు. తెలుగులో వ్రాసేదానికీ పలికేదానికీ భేదం స్వల్పం. ఇంగ్లీషులో ఒకే అక్షరం పలుచోట్ల పలువిధాలుగా పలుకుతుంది. 'సెయింట్', 'స్ట్రీట్' అనే పదాలకు సంక్షిప్త రూపం ఒక్కటే. యంత్రం ముందుగా అంకెలను, సంక్షిప్త రూపాలను పూర్తి పదాలుగా మార్చుకోవాలి. పిదప పదాలను ధ్వనులుగా విడదీయాలి. ఏ ధ్వని ఎంతసేపు నిలవాలో, స్వరం ఎక్కడ హెచ్చాలో, ఎక్కడ తగ్గాలో నిర్ణయించాలి. చివరకు గొంతు, నోరు, ముక్కు చేసే పనిని గణిత సూత్రాలతో అనుకరించి శబ్దాన్ని పుట్టించాలి. క్లాట్ ఈ నియమాలను ఏళ్ల తరబడి ఓర్పుతో పరిశీలించి క్రోడీకరించాడు. 1979లో జొనాథన్ ఆలెన్, షెరీ హనికట్‌లతో కలసి 'ఎం.ఐ.టాక్' అనే వ్యవస్థను రూపొందించాడు.

ఆయన కృషి పునాదిగా 1980 దశకంలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 'డెక్‌టాక్' అనే యంత్రాన్ని విడుదల చేసింది. అందులోని ప్రధాన పురుష స్వరం పేరు 'పర్‌ఫెక్ట్ పాల్'. దానికి మూలం క్లాట్ సొంత కంఠమే. స్త్రీ స్వరానికి ఆయన భార్య కంఠం, బాల స్వరానికి కుమార్తె కంఠం ఆధారమయ్యాయి.

విధి విచిత్రమైనది. యంత్రానికి తన గొంతును అరువిచ్చిన ఆ మేధావికి థైరాయిడ్ క్యాన్సర్ సోకింది. ఆయన స్వరం క్రమంగా బొంగురుపోయింది. అయినా ఆయన పరిశోధన ఆగలేదు. 1987లో ఈ శాస్త్రచరిత్రను సమగ్రంగా సమీక్షిస్తూ బృహద్వ్యాసం ప్రకటించాడు. పాతకాలపు యంత్రాల పలుకులను ఒక రికార్డుపై కూర్చి దానికి జతచేశాడు. 1988 డిసెంబరు 30న, యాభై ఏళ్ల ప్రాయంలో కన్నుమూశాడు.

ఆయన స్వరం మాత్రం మూగవోలేదు. ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతుకు జరిగిన శస్త్రచికిత్సతో మాట కోల్పోయాడు. క్లాట్ కంఠమే మూలమైన యంత్రస్వరం ఆయనకు వాక్కు అయింది. తరువాత ఎంతో మెరుగైన స్వరాలు వచ్చినా, హాకింగ్ దానినే తన గొంతుగా భావించి, 2018లో మరణించే వరకు విడువలేదు. తన గొంతు పోతున్నా పరుల కోసం పలుకులు కూర్చిన క్లాట్ జీవితం, విద్యకు పరోపకారమే పరమార్థమని చాటుతున్నది.