పన్ను కట్టలేదు... ఊరే వదిలేశారు!

విదేశాల్లో పీజీ చేసొచ్చిన కుర్రాడు ఏం చేస్తాడు? మంచి ఉద్యోగం చూసుకుని సెటిలవుతాడు. వందేళ్ల కిందటైనా ఇంట్లోవాళ్లు అనుకునేది అదే. కానీ ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఎం.ఏ. చేసొచ్చిన ఒక తెలుగు యువకుడు చీరాల చేరి, వేలమందిని వెంటబెట్టుకుని ఊరి బయట తాటాకు పాకల్లో కాపురం పెట్టించాడు. ఆయనే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని బంధువుల దగ్గర పెరిగారు. స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లాండ్ వెళ్లి చదువుకున్నారు. కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి 'అభినయ దర్పణం'ను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ప్రచురించింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే రెజ్యూమె అదిరిపోయింది!

తిరిగొచ్చాక రాజమండ్రిలో, తర్వాత బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. పైవాళ్లతో పడలేదు. ఉద్యోగం వదిలేసి చీరాల వచ్చేశారు. అక్కడ 'రామదండు' పేరుతో వలంటీర్ల దళాన్ని తయారుచేశారు. కాషాయ దుస్తులు, మెడలో రుద్రాక్షలు వాళ్ల యూనిఫాం.

నాలుగు వేలు... నలభై వేలు

చీరాల, పేరాల, చుట్టుపక్కల ఊళ్లు కలిపి అప్పట్లో ఒక యూనియన్‌గా ఉండేవి. ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. దాంతో పన్ను భారం దాదాపు 40 వేలకు చేరింది. అంటే పదింతలు! జనంలో ఎక్కువమంది మగ్గం మీద బతికే నేతగాళ్లు, చిన్న రైతులు. మున్సిపాలిటీ వద్దు, దాని ఖర్చు మేం మోయలేం అని అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు.

అప్పుడు గోపాలకృష్ణయ్య రంగంలోకి దిగారు. హరికథలా, పద్యాలతో, చమత్కారంగా సాగే ఆయన మాట సామాన్యుడికి సూటిగా తగిలేది. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. జనం పన్ను కట్టడం మానేశారు. కొందరిని జైల్లో పెట్టారు, వాళ్లలో ఒక మహిళ కూడా ఉన్నారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అక్కడ ఏర్పాట్లు చూసుకున్నది రామదండే. కొద్దిరోజులకే గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన చూపించిన దారులు రెండే. హింస లేకుండా పన్నుల నిరాకరణ కొనసాగించడం, లేదా మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. హద్దులో ఇల్లే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? లాజిక్ సింపుల్. పాటించడమే కష్టం.

రామ్‌నగర్

జనం రెండో దారి పట్టారు. మండే ఎండల్లో సామాన్లు, మగ్గాలు, పిల్లాపాపలతో 13 వేలమందికి పైగా కదిలారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. తగవులు తీర్చుకోవడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. బయటి నుంచి పెద్దగా డబ్బు సాయం అందలేదు.

ఈలోగా ప్రభుత్వం గోపాలకృష్ణయ్య బహిరంగంగా మాట్లాడకూడదని ఆంక్ష పెట్టింది. దాన్ని ధిక్కరించి బరంపురంలో మాట్లాడినందుకు అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపింది. నడిపించే మనిషి లేడు, చేతిలో డబ్బు లేదు. చివరికి జనం ఒక్కొక్కరుగా పాత ఇళ్లకు తిరిగొచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది.

మరి గోపాలకృష్ణయ్య ఓడిపోయారా? అడిగింది దక్కలేదు కాబట్టి ఓటమే, దాచాల్సిన పనిలేదు. ఆయన మాట నమ్మి అన్ని కుటుంబాలు పడ్డ కష్టమూ చిన్నది కాదు. అయితే ఒక్క విషయం గమనించండి. జనాన్ని పాకల్లోకి పంపి ఆయన మేడలో కూర్చోలేదు. జైలుకెళ్లారు, ఆస్తి మిగుల్చుకోలేదు, పేదరికంలోనే క్షయ వ్యాధితో 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లే.

ఇంజినీరింగ్‌లో మాకు టీమ్ లీడర్‌షిప్ మీద బోలెడు స్లైడ్లు చూపించారు. వాటిలో ఈయన పేరు ఎక్కడా లేదు. కానీ కాగితం మీద ప్లాన్‌ను వేలమంది చేత ఆచరణలో పెట్టించడమంటే ఏంటో, దానికి నాయకుడు తన జేబులోంచి ఎంత చెల్లించాలో నాకు అర్థమైంది మాత్రం రామ్‌నగర్ కథ చదివాకే. ఈసారి చీరాల వైపు వెళ్తే బట్టల షాపింగ్‌తో సరిపెట్టకండి. రామ్‌నగర్ ఎక్కడని ఒక్కసారి అడిగి చూడండి.